హెమిస్ ఉత్సవానికి అమ్మను తీసుకెళ్ళొచ్చా?

ప్రశ్న: నమస్కారం. మాది విజయవాడ. వచ్చే వేసవిలో అమ్మ, తమ్ముడు, నేను లద్దాఖ్ వెళ్ళాలనుకుంటున్నాం. హెమిస్ గోంపాలో, అంటే అక్కడి బౌద్ధ మఠంలో, లామాలు మాస్కులు పెట్టుకుని నాట్యం చేసే ఉత్సవం జరుగుతుందని విన్న దగ్గర్నుంచి అది చూడాలని అమ్మకు ఒకటే కోరిక. ఆమెకు 63 ఏళ్ళు, బీపీ మాత్రలు వాడుతుంది. టూర్ ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో ఐదు రోజులే ఉన్నాయి. మొదటి రోజు లే, రెండో రోజు నుబ్రా, మూడో రోజు పాంగాంగ్ సరస్సు, నాలుగో రోజు పొద్దున రెండు గంటలు హెమిస్, ఐదో రోజు తిరుగు ప్రయాణం. ఇది సరిపోతుందా? ఇంకో సంగతి. మాకు పూజలు, వ్రతాలు అలవాటే గానీ బౌద్ధం గురించి ఏమీ తెలియదు. వాళ్ళ పండగకు మనం వెళ్ళి కూర్చుంటే వాళ్ళకు ఇబ్బందిగా ఉండదా? అమ్మ కొబ్బరికాయ, పసుపు కుంకుమ పట్టుకెళ్తానంటోంది. తమ్ముడికి యూట్యూబ్ ఛానెల్ ఉంది, డ్రోన్ తెస్తానంటున్నాడు. వీళ్ళిద్దరి మధ్య నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో చెప్పండి.

సమాధానం:

వెళ్ళండి. అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. ఆ ప్లాన్‌తో మాత్రం వద్దు.

ముందు మీ మనసులో ఉన్న సందేహం సంగతి చెప్తాను. మీరు వెళ్ళి చూడటం వాళ్ళకు ఇబ్బంది కాదు. హెమిస్‌లో జరిగేది గురు పద్మసంభవుడి జన్మోత్సవం. 8వ శతాబ్దంలో టిబెట్ రాజు త్రిసోంగ్ దేచెన్ పిలుపు మీద వెళ్ళి, అక్కడ మొదటి బౌద్ధ విహారమైన సమ్యే నిలబడటానికి తోడ్పడిన గురువు ఆయన. లద్దాఖీలు, టిబెటన్లు, భూటానీలు ఆయన్ని రెండో బుద్ధుడిగా కొలుస్తారు. ఆయన రూపాలను, ధర్మపాలకుల రూపాలను కళ్ళారా చూస్తేనే పుణ్యమని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకే ముసలివాళ్ళు కూడా ఎంత దూరమైనా వచ్చి, జపమాల తిప్పుకుంటూ రోజంతా ఆ ప్రాంగణంలో కూర్చుంటారు. అంటే చూడటం కూడా ఆ పూజలో ఒక భాగమే. మీ అమ్మగారు నిదానంగా కూర్చుని శ్రద్ధగా చూస్తే, పక్కన కూర్చున్న లద్దాఖీ అవ్వ చేసే పనే ఆమె కూడా చేస్తున్నట్టు. వాళ్ళకు ఇబ్బంది కలిగించేది హడావిడిగా వచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని, మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మీ ఏజెంట్ ఇచ్చిన రెండు గంటల ప్లాన్ మిమ్మల్ని సరిగ్గా అలాంటివాళ్ళనే చేస్తుంది.

ఇక ఆరోగ్యం. మిగతా విషయాలన్నీ దీని తర్వాతే. లే పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. విజయవాడ గాలితో పోలిస్తే అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మూడింట రెండు వంతులే. ఢిల్లీ నుంచి విమానంలో వెళ్తే గంటంబావులో అక్కడ దిగిపోతారు. శరీరం సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. వయసుతో, బలంతో దీనికి సంబంధం లేదు. జిమ్‌కు వెళ్ళే పాతికేళ్ళ కుర్రాడికి తల పగిలిపోతున్నట్టు ఉండొచ్చు, మీ అమ్మగారు హాయిగా ఉండొచ్చు. కాబట్టి మీ తమ్ముడు కూడా ఈ మాట వినాలి. దిగిన రోజు, మరుసటి రోజు పూర్తిగా విశ్రాంతి. గదిలో ఉండండి, మంచినీళ్ళు తాగుతుండండి, తేలిగ్గా తినండి, మెట్లు ఎక్కకండి. రెండో రోజు సాయంత్రం బజారు దాకా మెల్లగా నడిస్తే చాలు.

మీ ఏజెంట్ రెండో రోజే నుబ్రా అన్నాడు. నుబ్రా లోయ లే కన్నా కాస్త పల్లంలోనే ఉంటుంది. కానీ అక్కడికి చేరాలంటే 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా కనుమ మీదుగా పోవాలి. పాంగాంగ్ 4,200 మీటర్ల పైన ఉంది. బీపీ ఉన్న మనిషిని విమానం దిగిన మర్నాడే ఆ దారిలో తిప్పడం ప్రమాదం. ఈ మాట నేను గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి.

ప్రయాణానికి నెల ముందే అమ్మగారిని డాక్టర్‌కు చూపించండి. ఎత్తుకు వెళ్ళినప్పుడు కొందరికి బీపీ పెరుగుతుంది, అందుకని మాత్రల మోతాదు గురించి అడగండి. డయామాక్స్ అనే మాత్ర గురించి కూడా అడగండి. ఎత్తుకు అలవాటు పడటానికి అది తోడ్పడుతుంది గానీ సల్ఫా మందులు పడనివాళ్ళు వాడకూడదు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించే మందు ఉంటే రెండూ కలిపి వాడొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. ఎవరో చెప్పారని సొంతంగా వేసుకోవద్దు. బీపీ మాత్రలు అక్కడ ఒక్క పూట కూడా మానొద్దు.

అక్కడికి వెళ్ళాక కొంచెం తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం మామూలే. కానీ ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే లేలోని సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇలాంటి కేసులు వాళ్ళకు నిత్యం వస్తుంటాయి. అవసరమైతే పల్లానికి దింపేయాలి. పండగ మళ్ళీ ఏడాది కూడా వస్తుంది.

ఇప్పుడు తేదీల సంగతి. టిబెటన్ పంచాంగం ప్రకారం ఐదో నెల దశమి, ఏకాదశి రోజుల్లో హెమిస్ ఉత్సవం జరుగుతుంది. మన పంచాంగంలో లాగే వాళ్ళకూ అధిక మాసాలు ఉంటాయి, ఒక తిథి రెండు రోజులు రావడం, ఒక తిథి ఎగిరిపోవడం ఉంటుంది. అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2024లో జూన్ 16, 17 తేదీల్లో జరిగింది, 2025లో జూలై 5, 6 తేదీల్లో జరిగింది. టికెట్లు కొనే ముందు ఆ సంవత్సరం తేదీలు లద్దాఖ్ పర్యాటక శాఖ ప్రకటనలో చూసుకోండి. పాత తేదీలను నమ్ముకుని వెళ్ళి, ఖాళీ ప్రాంగణం చూసి వచ్చేవాళ్ళు ఏటా ఉంటారు.

నా సలహా ఏమిటంటే, ఉత్సవానికి కనీసం మూడు రోజుల ముందే లేకు చేరుకోండి. మొదటి రెండు రోజులు విశ్రాంతి. మూడో రోజు సింధు నది వెంట పడమటి దిక్కుగా ఆల్చి అనే ఊళ్ళోని పాత గోంపాకు వెళ్ళిరండి. అది లే కన్నా పల్లంలో, 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి అమ్మగారికి కష్టం ఉండదు. అక్కడి గోడల మీద ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ నాటి చిత్రాలు ఉన్నాయి. వాటిని చూసి వస్తే హెమిస్‌లో కనిపించే రూపాలు కొంచెం పరిచయం అయినట్టు ఉంటాయి. నాలుగు, ఐదు రోజులు హెమిస్‌కు ఇవ్వండి, రెండు రోజులూ. ఆ తర్వాత ఇంకా సెలవులు ఉండి, అమ్మగారు బాగుంటే అప్పుడు నుబ్రాకు వెళ్ళండి. ఐదు రోజులే ఉన్నాయంటే పాంగాంగ్ మానేయండి. సరస్సు ఎప్పుడైనా అక్కడే ఉంటుంది.

లే నుంచి హెమిస్ సుమారు 45 కిలోమీటర్లు. షే, థిక్సే మీదుగా కారూ దాకా వెళ్ళి, అక్కడ సింధు నది దాటి కొండల మధ్యకు ఎక్కాలి. గోంపా ఒక ఇరుకు లోయలో దాగినట్టు ఉంటుంది. దగ్గరికి వచ్చేదాకా కనపడదు. మామూలు రోజుల్లో గంట ప్రయాణం, ఉత్సవం రోజు మాత్రం కారూ తర్వాత బండ్లు బారులు తీరతాయి. పొద్దున్నే ఆరు, ఆరున్నరకల్లా బయల్దేరండి. బండి ఆపే చోటు నుంచి ప్రాంగణం దాకా ఎక్కుడు, మెట్లు ఉంటాయి. పది అడుగులకోసారి ఆగుతూ అమ్మగారిని నడిపించండి. వీలైతే ముందు రోజు రాత్రి హెమిస్ గ్రామంలోనో, థిక్సే వైపో ఏదైనా ఇంట్లో గది తీసుకుని ఉండిపోతే తెల్లవారుజామున పరుగులు తప్పుతాయి.

ప్రాంగణంలో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను. తెలిసి చూస్తే అమ్మగారికి రోజంతా కూర్చోవడం భారం అనిపించదు.

17వ శతాబ్దంలో లద్దాఖ్ రాజు సెంగే నామ్‌గ్యాల్ అండతో స్టాక్‌త్సాంగ్ రస్పా అనే గురువు కట్టించిన గోంపా ఇది. భూటాన్‌లో ప్రధానంగా ఉన్న ద్రుక్పా సంప్రదాయమే ఇక్కడా. పెద్ద దీర్ఘచతురస్రపు ప్రాంగణం, ఒక వైపు ప్రార్థనా మందిరాలు, చుట్టూ చెక్క వసారాలు, మధ్యలో జెండాలు కట్టిన ఎత్తైన స్తంభం. పొద్దున పూజ అయ్యాక గోంపా గోడ మీద పెద్ద థంకా వేలాడదీస్తారు. పట్టు గుడ్డ మీద గురువుల రూపాన్ని కుట్టిన తెర అది. ముత్యాలు పొదిగిన పద్మసంభవుడి మహా థంకా ఒకటి ఉంది. వాళ్ళ పంచాంగంలో సంవత్సరాలకు పన్నెండు జంతువుల పేర్లు వరసగా వస్తాయి. ఆ థంకాను మాత్రం పన్నెండేళ్ళకోసారి, కోతి సంవత్సరంలోనే బయటికి తీస్తారు. 2016లో తీశారు, మళ్ళీ 2028లో తీయాలి. ఆ ఏడు జనం విపరీతంగా వస్తారు. అమ్మగారికి మామూలు సంవత్సరమే నయం.

తర్వాత మనిషి కన్నా పొడవుండే ఇత్తడి బూరలు మోగుతాయి. ఆ శబ్దం చెవికి కాదు, ఛాతీకి తగులుతుంది. సన్నాయిలాంటి గ్యాలింగ్, నిలబెట్టి కొట్టే డోలు, పెద్ద తాళాలు దానితో కలుస్తాయి. లామాలు ఒక్కొక్కరే మెట్లు దిగి ప్రాంగణంలోకి వస్తారు. ఈ నాట్యాన్ని ఛమ్ అంటారు. ఇది వేడుక కోసం ఆడేది కాదు. లామాలు దీనికి ముందు రోజుల తరబడి లోపల పూజ చేస్తారు. ఏ దేవతను ధ్యానించారో, ఆ దేవతే తమలో నిలిచినట్టుగా భావించి అడుగు వేస్తారు. అందుకే అడుగులు చాలా నెమ్మదిగా పడతాయి. ఒక్క నాట్యం అరగంట, ముప్పావుగంట సాగుతుంది. మొదటి పది నిమిషాల్లో "ఇంతేనా, తిరిగిందే తిరుగుతున్నారు" అనిపిస్తుంది. చాలామంది అక్కడే లేచిపోతారు. మీరు లేవకండి. కాసేపటికి డోలు దెబ్బకూ అడుగుకూ ఉన్న లంకె పట్టుబడుతుంది, అప్పటినుంచి కళ్ళు తిప్పుకోలేరు.

మొదట్లో వచ్చే నల్ల టోపీల నాట్యాన్ని బాగా చూడండి. ఇందులో మాస్కులు ఉండవు. వెడల్పాటి నల్ల టోపీ, నేల దాకా జారే పట్టు అంగీ, బాగా వదులుగా వేలాడే అంగీ చేతులు. దీని వెనక ఒక కథ చెప్తారు. 9వ శతాబ్దంలో టిబెట్‌ను ఏలిన లాంగ్‌దర్మ బౌద్ధాన్ని అణచివేయాలని చూశాడట. 842లో ల్హాలుంగ్ పెల్గ్యీ దోర్జే అనే భిక్షువు తెల్ల గుర్రానికి బొగ్గు పూసి, లోపల తెలుపు, బయట నలుపు ఉన్న అంగీ తొడుక్కుని, ఆ వదులు చేతుల్లో విల్లంబులు దాచుకుని రాజు ముందు నాట్యం చేస్తూ బాణం వేశాడట. పారిపోతూ గుర్రాన్ని ఏట్లో కడిగి, అంగీని తిరగేసి తొడుక్కున్నాడట. నల్ల గుర్రం మీది నల్ల మనిషి కోసం వెతికినవాళ్ళకు తెల్ల గుర్రం మీద తెల్ల మనిషి కనిపించాడు. అహింసను బోధించే ధర్మంలో హత్య జ్ఞాపకంగా నాట్యమా అని మీ తమ్ముడు అడగొచ్చు. లామాలను అడిగితే, ఆ రాజును మరింత పాపం మూటగట్టుకోకుండా ఆపిన పని అది అంటారు. ఆ జవాబు ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, వాళ్ళు మాత్రం దాన్ని శతాబ్దాలుగా మనసులో మోస్తున్నారు.

తర్వాత మాస్కులవాళ్ళు. గురు పద్మసంభవుడి ఎనిమిది రూపాలు ఊరేగింపుగా వస్తాయి. ప్రధాన గురువు రూపం మీద గొడుగు పడతారు. కొన్ని ముఖాలు ప్రశాంతంగా ఉంటాయి, కొన్ని భయంకరంగా. మూడో కన్ను, కోరలు, తల మీద ఐదు పుర్రెల కిరీటం. కొందరు గైడ్లు వీటిని దయ్యాల నాట్యం అని చెప్తారు. 19వ శతాబ్దంలో వచ్చిన తెల్లవాళ్ళు పెట్టిన పేరు అది, దాన్ని నమ్మకండి. ఆ ఉగ్ర రూపాలు ధర్మాన్ని కాపాడేవాళ్ళవి. చనిపోయాక, మళ్ళీ పుట్టే లోపు మనిషికి ఈ రూపాలే ఎదురవుతాయని వాళ్ళ విశ్వాసం. బతికుండగా ఏటేటా చూసి అలవాటు పడిన ముఖాలైతే అప్పుడు భయం వేయదు, గుర్తుపట్టి దండం పెట్టుకోవచ్చు. పసిపిల్లల్ని కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించేది అందుకే. అస్థిపంజరం వేషాల కుర్రాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ప్రాంగణమంతా నవ్వులే. వాళ్ళు జనంలోకి వచ్చి ఆటపట్టిస్తారు. మీ దగ్గరికి వస్తే కంగారు పడకుండా నవ్వి, చిన్న నోటు ఏదైనా ఇవ్వండి.

రెండో రోజును ఎందుకు వదలొద్దంటున్నానో చెప్తాను. పిండితో చేసిన ఒక చిన్న మనిషి బొమ్మను ప్రాంగణం మధ్యలో పెడతారు. లోపలి శత్రువులకు, అంటే అహంకారం, ద్వేషం, అజ్ఞానం లాంటి వాటికి అది గుర్తు. నాట్యం చేస్తూ వచ్చి కత్తితో దాన్ని ముక్కలు చేసి నాలుగు దిక్కులకూ వెదజల్లుతారు. ఈ రెండు రోజుల పూజా అక్కడికే చేరుతుంది. రెండు గంటలు చూసి వెళ్ళిన వాళ్ళకు ఇది దక్కదు.

కూర్చునే చోటు గురించి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం పిల్లాపాపలతో, ఫ్లాస్కుల్లో టీతో, మన తిరునాళ్ళకు వచ్చినట్టే వస్తారు. ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చునే చోట్లు ఉంటాయి. వాళ్ళను జరపకండి, వాళ్ళ ముందు నిలబడకండి. వసారా నీడలో ఖాళీ ఉందేమో చూసి, "జూలే" అని పలకరించి, సైగతో అడిగి కూర్చోండి. దండమైనా, ధన్యవాదమైనా, వెళ్ళొస్తామని చెప్పడమైనా ఆ ఒక్క మాటే. పది నిమిషాల్లో మీ అమ్మగారికి ఎవరో ఒకరు టీ పోస్తారు. వెన్న, ఉప్పు వేసి చిలికిన గుర్గుర్ చాయ్ అది. మన నాలుకకు మొదట టీలా ఉండదు, పలచటి సూప్ అనుకుని తాగితే బాగుంటుంది. బీపీ ఉంది కాబట్టి ఉప్పు ఎక్కువ వద్దు, గౌరవంగా రెండు గుక్కలు చాలు. మీరు కూడా వేరుశనగ చిక్కీలో, అరిసెలో తీసుకెళ్ళి పంచండి.

ప్రాంగణంలో సున్నంతో గీసిన వలయాలు ఉంటే వాటి లోపలికి అడుగు పెట్టొద్దు. నాట్యం చేసేవాళ్ళ దారికి అడ్డం పోవద్దు, వాళ్ళ బట్టలు, మాస్కులు ముట్టుకోవద్దు. గొడుగు వేస్తే వెనకవాళ్ళకు కనపడదు, అందుకని వెడల్పు అంచు టోపీ పెట్టుకోండి. ఆ ఎత్తులో ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, నీడలోకి జరిగితే చలి వేస్తుంది. కాబట్టి నూలు బట్టల మీద స్వెటర్, నల్ల కళ్ళజోడు, సన్‌స్క్రీన్, నీళ్ళ సీసా, కింద వేసుకోవడానికి దుప్పటి ఉండాలి. మరుగుదొడ్లు మట్టి వేసే పొడి పద్ధతివి, నీళ్ళు ఉండవు. అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పండి.

మందిరం లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు, టోపీ తీసేయాలి. ప్రదక్షిణ మనలాగే కుడి చేతి వైపుగా. మంత్రాలు ఉండే మణి చక్రాలను కూడా అదే దిశలో తిప్పాలి. దారిలో మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలు కనిపిస్తే అవి మీకు కుడి పక్కన ఉండేలా నడవండి. ఆ రాళ్ళ మీద కూర్చోవద్దు, ఒక్క రాయి కూడా సంచిలో వేసుకోవద్దు. లోపల కూర్చున్నప్పుడు కాళ్ళు విగ్రహాల వైపు చాపకూడదు. నేల మీద పరిచిన గ్రంథాలను దాటకూడదు. ధర్మపాలకుల గదిని గోన్‌ఖాంగ్ అంటారు. కొన్ని గోంపాల్లో దానిలోకి ఆడవాళ్ళను రానివ్వరు, కొన్ని చోట్ల ఎవరినీ రానివ్వరు. తలుపు దగ్గర లామా ఏం చెప్తే అది. లే విమానాశ్రయం పక్కనే ఉన్న స్పితుక్ గోంపాలో ఇలాంటి గది ఒకటి ఉంది. మనవాళ్ళు చాలామంది దాన్ని కాళీమాత గుడి అనుకుని వెళ్తారు. అక్కడున్నది వజ్రభైరవుడు. ముఖం ఏడాదంతా గుడ్డతో కప్పి ఉంటుంది, జనవరిలో జరిగే గుస్తోర్ ఉత్సవంలో తప్ప తీయరు. దండం పెట్టుకోండి, కానీ ఆయన్ని ఆయనగానే చూడండి.

అమ్మగారి కొబ్బరికాయ, పసుపు కుంకుమ ఇంట్లోనే ఉంచమనండి. అక్కడ కొబ్బరికాయ కొట్టే ఆచారం లేదు. కుంకుమ సంగతైతే ఇంకా జాగ్రత్త. ఆ విగ్రహాలు చాలావరకు మట్టితో చేసి రంగులు వేసినవి, గోడల మీదవి వందల ఏళ్ళ చిత్రాలు. వేలితో ఒక్క బొట్టు పెట్టినా అది మళ్ళీ పోదు. భక్తి చూపించడానికి వేరే దారులున్నాయి. లే బజారులో ఖతగ్ అనే తెల్ల పట్టు కండువాలు దొరుకుతాయి. వాటిని రెండు చేతులతో పట్టుకుని, తల వంచి గురువు ముందు గానీ విగ్రహం ముందు గానీ సమర్పించాలి. వెన్న దీపానికి డబ్బు కట్టి వెలిగించొచ్చు. అగరుబత్తి, పండ్లు, బిస్కెట్లు, బియ్యం ఇవ్వొచ్చు. దీపం వెలిగించే వీలుందంటే అమ్మగారు కొబ్బరికాయ సంగతి మర్చిపోతారని నా నమ్మకం.

మీ తమ్ముడికి రెండు మాటలు. డ్రోన్ వద్దు. లద్దాఖ్ సరిహద్దు ప్రాంతం, సైన్యం అడుగడుగునా ఉంటుంది. అనుమతి లేకుండా ఎగరేస్తే పోలీసు కేసు అవుతుంది. అనుమతి సంగతి పక్కన పెట్టినా, ధ్యానంలో అడుగులు వేస్తున్నవాళ్ళ తల మీద ఆ రొద చాలా పెద్ద అమర్యాద. ప్రాంగణంలో ఫోన్‌తోనో కెమెరాతోనో ఉన్న చోట కూర్చుని తీస్తే ఎవరూ ఏమీ అనరు. మందిరాల లోపల తీయొద్దని రాసి ఉంటే తీయొద్దు, ఫ్లాష్ ఎక్కడా వద్దు. పచ్చలాంటి ఫిరోజా రాళ్ళు కుట్టిన పెరాక్ తలపాగా పెట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. అది తల్లి నుంచి కూతురికి వచ్చే సొత్తు. ఫొటో కావాలంటే అడగాలి, వద్దంటే నవ్వి ఊరుకోవాలి. చిన్న లామాలను పట్టుకుని బుగ్గలు గిల్లడం, సెల్ఫీలకు లాగడం మనవాళ్ళు ఎక్కువగా చేస్తున్నారు, అది మానేయాలి. నన్నడిగితే మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉంచమంటాను. ఏ నాట్యం తర్వాత ఏది వస్తుందో, వెలుగు ఎటు పడుతుందో తెలిశాక రెండో రోజు తీసే వీడియోనే బాగుంటుంది. కింద రాసే వివరణలో కూడా తప్పులుండవు.

విజయవాడ వాళ్ళు కాబట్టి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. బౌద్ధం గురించి ఏమీ తెలియదన్నారు. మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్న అమరావతి, అంటే పాత ధాన్యకటకం, ఆ హిమాలయ జనానికి పుణ్యక్షేత్రం. బుద్ధుడు కాలచక్ర బోధ చేసింది ఆ స్తూపం దగ్గరేనని వాళ్ళ సంప్రదాయం చెప్తుంది. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి అమరావతికే వచ్చారు. చలికాలంలో ఆ కొండల నుంచి ఎంతోమంది గుంటూరు జిల్లాకు వచ్చి గుడారాల్లో ఉన్నారు. గోంపాల గోడల మీద తల వెనక పాము పడగలున్న ఒక ఆచార్యుడి బొమ్మ కనిపిస్తే అది నాగార్జునుడు, మన శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో ముడిపడిన ఆచార్యుడే. వెళ్ళే ముందు ఒక ఆదివారం అమ్మగారిని అమరావతి మ్యూజియానికి తీసుకెళ్ళండి. హెమిస్‌లో పక్కన కూర్చున్నవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే అమరావతి దగ్గర్నుంచి అని చెప్పండి. వాళ్ళ ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు.

చిన్న విషయాలు కొన్ని. లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. హెమిస్‌లో నగదు అవసరం, పది, ఇరవై, యాభై నోట్లు తీసుకెళ్ళండి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి తీసుకొచ్చేయండి. మధ్యాహ్నం విరామంలో గోంపా మ్యూజియం చూడొచ్చు. అమ్మగారు అలసిపోతే మాత్రం ఆ సమయంలో పడుకోనివ్వండి.

సెలవులు కుదరక హెమిస్ తేదీలు తప్పిపోతే బాధపడొద్దు. లామాయురు గోంపాలో యురు కబ్‌గ్యాత్ అనే ఉత్సవం జూన్, జూలైలలో వస్తుంది. ఫ్యాంగ్‌లో, టక్‌థోక్‌లో జూలై, ఆగస్టుల్లో ఉత్సవాలు జరుగుతాయి. నిజం చెప్పాలంటే, జనం తక్కువ కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఫ్యాంగ్ హెమిస్ కన్నా సుఖంగా ఉంటుంది. లే నుంచి దగ్గర కూడా. లద్దాఖ్‌లో ఎక్కువ ఉత్సవాలు అసలు చలికాలంలోనే జరుగుతాయి, పొలం పనులు ఉండవు కాబట్టి. స్టోక్‌లో, మాథోలో ఫిబ్రవరి, మార్చిలలో జరిగే వాటిలో లామాల మీదికి, ఊరివాళ్ళ మీదికి దేవత వచ్చి రాబోయే ఏడాది గురించి చెప్తుంది. కానీ ఆ చలి మైనస్ డిగ్రీల్లో ఉంటుంది, అమ్మగారితో వద్దు. మీరూ తమ్ముడూ మరోసారి వెళ్ళండి. అంత ఎత్తు వద్దని డాక్టర్ అంటే భూటాన్‌లో పారో ఉత్సవం ఉంది. పారో 2,200 మీటర్ల పైచిలుకు ఎత్తే. మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది, ఇదే గురు పద్మసంభవుడికి జరిగే ఉత్సవం, చివరి రోజు తెల్లవారకముందే మహా థంకా విప్పుతారు. మనవాళ్ళకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. కాబట్టి ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందే డాక్టర్ మాట కనుక్కుని, హెమిసా, పారోనా అన్నది అప్పుడు తేల్చుకోండి.